పంటు ఆగితే టీటీ బల్ల అందదు: ఇంటి దగ్గర షాడో ప్రాక్టీస్ ఎలా చేయించాలండీ?

సఖినేటిపల్లి_నాన్న:

అందరికీ నమస్కారమండి. మా అమ్మాయి ఏడో తరగతి. కుడిచేతి వాటం, షేక్‌హ్యాండ్ గ్రిప్ (కరచాలనం చేసినట్టు బ్యాటు పట్టుకోవడం), బ్యాటుకి రెండు పక్కలా నున్నటి రబ్బరే. మా వైపు టేబుల్ టెన్నిస్ (టీటీ) బల్ల లేదు. ఆదివారాలు పంటు (రేవు దాటించే పెద్ద పడవ) ఎక్కి గోదారి దాటి నరసాపురంలో ఆడుకుని వస్తుంది. వరదొచ్చి పంటు ఆపేస్తే ఆ ఒక్క రోజూ పోతుంది. చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి తీసుకెళ్లడం ప్రతి వారం కుదిరే పని కాదు.

అక్కడ నేర్పే మాస్టారు ఇంట్లో రోజూ షాడో చేయించమన్నారు. బంతి లేకుండా గాల్లో కొట్టడమని తెలుసు, అంతకుమించి నాకేం తెలియదు. నేనెప్పుడూ బ్యాటు పట్టినవాణ్ణి కాదు. బంతి నిదానంగా వస్తే పాప ఫోర్‌హ్యాండ్ (కుడి పక్క నుంచి కొట్టేది) చూడ్డానికి బానే ఉంటుంది. వేగం పెరిగిందంటే చెయ్యి ఎటో పోతుంది, రెండో బంతి అందుకోలేదు.

రోజుకి ఎన్ని కొట్టించాలి? అద్దం ముందు చేయించాలా? పక్కన కూర్చున్న నేను ఏం చూస్తే సరిగ్గా చేస్తోందో లేదో తెలుస్తుంది? తప్పుగా చేస్తే ఆ తప్పే చేతికి పట్టేస్తుందని ఒకరన్నారు, అందుకే మొదలుపెట్టే ముందు అడుగుతున్నా. స్థలమంటే వసారా ఉంది, పదిహేను అడుగుల పొడవు, ఎనిమిది వెడల్పు, నాపరాళ్ల గచ్చు. డాబా కూడా ఉందిగానీ మాసూళ్లప్పుడు ధాన్యం ఆరబోస్తాం.

గచ్చుమీద_ఫుట్‌వర్క్:

వసారా చాలండి. డాబా మీద ఎండ, గాలి, గరుకు. అక్కడికంటే ఇదే నయం.

ముందు మీరు రాసిన ఆఖరి ముక్క పట్టుకుంటాను. "రెండో బంతి అందుకోలేదు" అన్నారు కదా, జబ్బు అక్కడే ఉంది. కొట్టాక బ్యాటు వెనక్కి రావట్లేదు. బల్ల దగ్గర ఆ సంగతి ఎవరికీ కనబడదు, ఎందుకంటే బంతి అవతలికి పోగానే అందరి కళ్లూ దాని వెంటే పోతాయి. బంతి తీసేస్తే పాప చెయ్యి ఎక్కడాగిందో, కాళ్లు ఏం చేస్తున్నాయో మీకు కనబడుతుంది. షాడో వల్ల ఒరిగే అసలు లాభం అదే. చేతులు అలిసేలా గాలిని కొట్టించడానికైతే అక్కర్లేదు.

స్థలం ఇలా తయారు చేసుకోండి. బల్ల 9 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల ఎత్తు. లెక్కగా చెప్పాలంటే 2.74 మీటర్లు, 1.525 మీటర్లు, 76 సెంటీమీటర్లు. మీకు కావలసింది పాప నిలబడే వైపు అంచు ఒక్కటే. వసారా స్తంభాల మధ్య 76 సెంటీమీటర్ల ఎత్తున పురికొస కట్టండి. నైలాన్ తాడు వద్దు. పురికొసైతే బ్యాటు గట్టిగా తగిలితే తెగొచ్చు, పిల్ల వేళ్లకి దెబ్బ తక్కువ. దాని మీద 5 అడుగుల ఎడంలో రెండు గుడ్డపీలికలు కడితే అవి బల్ల మూలలు. సరిగ్గా మధ్యలో మూడో పీలిక, అది సెంటర్ లైన్. అవతలి గోడ మీద సుద్దముక్కతో రెండు గుండ్రాలు గియ్యండి, కుడికొకటి, ఎడమకొకటి. పాప చూపు ఎప్పుడూ అటే ఉండాలి, బ్యాటు మీద కాదు.

చెయ్యి చాపితే బ్యాటు కొన పురికొసకి తగిలీ తగలనంత దూరంలో, సెంటర్ పీలికకి కాస్త ఎడమగా నిలబెట్టండి. కాళ్ల మధ్య ఎడం భుజాల వెడల్పు కంటే కొంచెం ఎక్కువ. కుడికాలు అర పాదం వెనక్కి. మోకాళ్లు వంగి, ఒళ్లు కొద్దిగా ముందుకి వాలి, బరువు పాదాల ముందు భాగం మీద. దీనికో పరీక్ష: మడమ కింద ఒక కాగితం ఉంచి లాగితే చిరక్కుండా వచ్చెయ్యాలి. బ్యాటు పొట్టకి ముందు, పురికొసకి పైన. ఎడమ చెయ్యి కూడా అంతే ఎత్తున ముందుండాలి. పిల్లలు దాన్ని పక్కన వదిలేస్తారు, దాంతో నడుం తిరగడం ఆగిపోతుంది.

ఇప్పుడు ఫోర్‌హ్యాండ్ డ్రైవ్, అంటే బంతిని ముందుకి కొట్టే మామూలు స్ట్రోకు. మీరు మూడు అంకెలు పైకి లెక్కపెట్టండి.

ఒకటి అనగానే నడుం కుడికి తిరగాలి. చెయ్యి విడిగా వెనక్కి లాగక్కర్లేదు, నడుం తిరిగితే అదే వెళ్తుంది. బరువు కుడికాలి మీదకొస్తుంది. బ్యాటు కుడి తుంటి పక్కన ఆగాలి. వీపు దాటి వెనక్కి పోయిందంటే ఎక్కువైనట్టే. తల తిప్పకుండానే పాపకి కంటి చివర బ్యాటు కనబడుతుండాలి. మీకు సులువైన గుర్తు చొక్కా గుండీలు. అవి కుడి మూల పీలిక వైపు చూస్తుండాలి. నేరుగా గోడ వైపే ఉన్నాయంటే నడుం తిరగలేదు, చేత్తోనే లాగింది.

రెండు అనగానే కుడికాలితో నేలని తోసి నడుం ముందుకి తిప్పాలి. బంతి తగిలే చోటు కుడి భుజానికి ముందు, కొంచెం పక్కగా, పురికొసకి జానెడు పైన. అక్కడే ముంజేయి చప్పున మడుచుకుంటుంది. బ్యాటు నుదుటి ముందు, ఎడమ కనుబొమ్మ దగ్గర ఆగాలి. ఇంచుమించు సెల్యూట్ కొట్టినట్టు. ఎడమ చెవి దాటి వెనక్కి పోకూడదు.

మూడు అనగానే బ్యాటు మళ్లీ పొట్ట ముందుకి, బరువు రెండు కాళ్ల మీదకీ. అందరూ మింగేసేది ఈ మూడునే. పాప రెండు దగ్గరాగిపోయి మళ్లీ ఒకటికి వెళ్తుంటే ఆ స్ట్రోకు లెక్కలో వేసుకోకండి.

మోచేతికీ పక్కటెముకలకీ మధ్య ఒక పిడికిలి పట్టే జాగా ఉండాలి. బ్యాటు ముంజేతి వాటంలోనే ఉండాలి, మణికట్టు విరిగి కొన కిందికి వేలాడకూడదు. పట్టు ఎంత గట్టిగా ఉందో చూడాలంటే మధ్యలో బ్యాటు పట్టుకుని లాగండి. కొంచెం బిగిసి చేతిలోంచి వచ్చెయ్యాలి. రాలేదంటే భుజం దాకా బిగుసుకుపోయి ఉందని.

బ్యాక్‌హ్యాండ్, అంటే ఎడమ పక్కకొచ్చిన బంతిని చేతి వెనక వైపుతో కొట్టేది, దీనికంటే చిన్నది. కాళ్లు సమానంగా, మోచెయ్యి ఒంటికి ముందు, బ్యాటు పొట్ట దగ్గర నుంచి మొదలు. మోచెయ్యి దాదాపు కదలకుండా ముంజేయి ఒక్కటే తలుపు తీసినట్టు ముందుకి తెరుచుకుంటుంది, బ్యాటు గడ్డం ఎత్తున, కొన కొట్టే దిక్కుకి తిరిగి ఆగుతుంది. ఇక్కడ మోచెయ్యి పక్కటెముకల వెనక్కి పోవడం పెద్ద తప్పు. అలా పోతే బంతి పొట్ట మీదకొచ్చినప్పుడు కొట్టడానికి చోటుండదు.

మొదటి రెండు వారాలు రోజుకి ఫోర్‌హ్యాండ్ 20 చొప్పున మూడు దఫాలు, బ్యాక్‌హ్యాండ్ 20 చొప్పున రెండు. దఫాకీ దఫాకీ మధ్య అర నిమిషం విరామం. అంతా కలిపి పావుగంట.

పాలకొల్లు_బ్లాకర్:

పైన ఫుట్‌వర్క్ గారు చెప్పిన కొలతలన్నీ కరెక్టే. నాకున్న పేచీ వేరు. షాడోతో ఆట వచ్చేస్తుందన్న ఆశ పెట్టుకోకండి. బంతి ఎప్పుడు తగలాలి, ఎంత తిరుగుతూ వస్తోంది, ఎంత వేగంగా వస్తోంది, ఈ మూడూ గాల్లో నేర్పలేం. గాల్లో అద్దంలా కొట్టి బల్ల దగ్గరికెళ్తే బంతి బ్యాటు అంచుకి తగిలే పిల్లలు కోకొల్లలు. ఎందుకంటే వాళ్లు స్ట్రోకుని ఒకే లయలో నేర్చుకున్నారు, బంతేమో ఒకే లయలో రాదు.

రోజుకి అయిదొందలు, వెయ్యి అని వీడియోల్లో చెబుతుంటారు. వద్దు. విరామం లేకుండా కొట్టిస్తే నలభయ్యో స్ట్రోకు దాటాక పన్నెండేళ్ల పిల్ల భుజం అలుస్తుంది. అలిసిన భుజం బరువు ఎత్తలేక మోచేతిని పైకి లేపుతుంది. అక్కడి నుంచి మీరు నేర్పిస్తున్నది మోచెయ్యి లేపడమే. మీకెవరో చెప్పిన భయం ఆ రకంగా నిజమే. ఆకారం చెడిన మొదటి స్ట్రోకు దగ్గరే ఆ దఫా ఆపెయ్యండి, ఇరవై పూర్తి కాకపోయినా సరే.

కాకినాడ_మల్టీబాల్:

బ్లాకర్ గారితో సగం ఒప్పుకుంటాను. ఒకే లయ అన్నది నిజంగానే ఇబ్బంది. దానికి మందు కూడా ఉంది.

ఫోన్‌లో మెట్రోనోమ్ (సమమైన లయలో టిక్కు టిక్కుమనేది) ఆప్ ఒకటి వేసుకోండి, ఉచితంగానే దొరుకుతాయి. నిమిషానికి 40 టిక్కుల దగ్గర మొదలు. టిక్కు పడేది బంతి తగిలే క్షణం అనుకోవాలి, అంటే అంతకు ముందే వెనక్కి వెళ్లి సిద్ధంగా ఉండాలి. 40లో మూడో అంకె తప్పకుండా వస్తుంటే 45, తర్వాత 50. బల్ల మీద మామూలు డ్రైవ్ ర్యాలీలో ఇంచుమించు 50, 60 మధ్య వేగం ఉంటుంది కాబట్టి అక్కడ ఆపొచ్చు. వేగం పెంచగానే పిల్లలు చేసే పని కొట్టే వేగం పెంచడం. అసలు తగ్గాల్సింది ఊపు పొడవు. 60లో కూడా బ్యాటు తుంటి వెనక్కి పోతుంటే మళ్లీ 45కి దించండి. మీరు రాసిన "వేగం పెరిగితే చెయ్యి ఎటో పోతుంది" అన్నదానికి కారణం కూడా ఇదే అయ్యుంటుంది.

లయ విరగ్గొట్టడానికి చివరి అయిదు నిమిషాలు మెట్రోనోమ్ ఆపేసి మీరు గోడ దగ్గర నిలబడి చెయ్యి చూపించండి. కుడి చెయ్యి, ఎడమ చెయ్యి, మధ్యలో ఒకసారి ఏదీ చూపించకుండా ఆగండి. పాప ఏ పక్కకి కొట్టాలో మీ చెయ్యి చూసి తేల్చుకోవాలి. చెయ్యి చూపించక ముందే వెనక్కి ఊపేస్తుంటే మ్యాచ్‌లో కూడా అదే చేస్తోందన్నమాట.

అద్దం సంగతి. ఆగి చూసుకోవడానికి బావుంటుంది. ఒకటి దగ్గర ఆగు, చూసుకో, రెండు దగ్గర ఆగు, చూసుకో. ఆపకుండా కొట్టేటప్పుడు అద్దం వద్దు. చూపు తన మొహం మీదకి పోతుంది, తల పైకి లేస్తుంది, దాంతో ఒళ్లు నిటారైపోతుంది. దానికంటే ఫోన్ వీడియో మేలు. స్టూలు మీద పాప నడుం ఎత్తున పెట్టి పక్క నుంచి ఒకటి, ముందు నుంచి ఒకటి తియ్యండి. స్లో మోషన్ ఉంటే వాడుకోండి. పది స్ట్రోకులు తీస్తే చాలు. మొదటి మూడు చూడకండి, కెమెరా ఉందని జాగ్రత్తగా కొడతారు. ఎనిమిదోది చూడండి.

ఇక బంతి. డైనింగ్ టేబులుందా? వాటి ఎత్తు ఇంచుమించు 75 సెంటీమీటర్లుంటుంది, బల్లతో సమానం. ఎదర దండెం మీద పాత చీరో దుప్పటో మడత పెట్టి వేలాడదియ్యండి. పాప ఎడమ చేత్తో బంతిని టేబుల్ మీద వదిలి, అది లేచాక ఫోర్‌హ్యాండ్ కొట్టి చీరకి తగిలించాలి. చీరకి తగిలిన బంతి ఎగిరిపోకుండా కిందే పడుతుంది, ఏరుకోవడం సులువు. గాల్లో పది, వెంటనే బంతితో పది, మళ్లీ గాల్లో పది. బంతి వచ్చేసరికి ఏ భాగం చెడుతోందో ఆ వరసలో తేలిపోతుంది. ఎక్కువమందికి ముందు చెడేది నడుం: బంతి కనబడగానే చేత్తో కొట్టేస్తారు.

సఖినేటిపల్లి_నాన్న:

ఆయ్, అందరికీ దణ్ణాలండి. పురికొస కట్టాం. వీడియో తీశాక మూడు కనబడ్డాయి. ఫోర్‌హ్యాండ్ కొట్టాక బ్యాటు ఎడమ చెవి పక్కన ఉండిపోతోంది. మోచెయ్యి రెక్కలా లేస్తోంది. పక్కకి జరిగినప్పుడు అడుగుల చప్పుడు ధబ్ ధబ్ మని వస్తోంది, వాళ్ల నాయనమ్మ లోపల్నుంచి ఏమిటా గెంతులు అంటోంది.

మోచెయ్యి లేవకుండా చంకలో తువ్వాలు పెట్టించమని ఇక్కడొకాయన చెప్పారు, చేయించొచ్చా? చెయ్యి బలం రావడానికి నీళ్ల సీసాతో కొట్టించమని కూడా అన్నారు. ఇంకోటి, ముసురు పట్టినప్పుడు నాపరాళ్లు చెమరుస్తాయి, కాలు జారుతోంది. ఉత్తకాళ్లతో చేయించనా, బూట్లు వేయించనా?

గచ్చుమీద_ఫుట్‌వర్క్:

మొదటి రెండూ ఒక్క చోట నుంచే వస్తున్నాయనిపిస్తోంది. నడుం సగమే తిరుగుతోంది. మిగతా సగం బలం తేవడానికి భుజం పైకి లేస్తోంది, మోచెయ్యి దాంతో పోతోంది, చెయ్యి ఆగలేక చెవి దాకా పోతోంది. మోచేతిని కిందికి నొక్కితే మీకు కనబడేది పోతుందిగానీ కారణం అలాగే ఉంటుంది.

అందుకే తువ్వాలు పద్ధతి నాకు నచ్చదు. తువ్వాలు జారిపోతుందేమోనని పిల్ల చెయ్యిని ఒంటికి అతికించేసుకుంటుంది, పిడికిలి పట్టాల్సిన జాగా కాస్తా పోతుంది. పెట్టిస్తే అయిదారు స్ట్రోకులు, మోచెయ్యి ఎక్కడుండాలో తెలియడానికి మాత్రమే. తర్వాత తీసెయ్యండి.

బదులుగా ఇది చేయించండి. బ్యాటు పక్కన పెట్టి, రెండు చేతులూ గుండెల మీద కట్టుకుని, ఆ నిలబడిన తీరులోనే నడుం మాత్రం కుడికీ ముందుకీ తిప్పమనండి. పది సార్లు. కుడి పిక్కలో, తొడలో బిగువు తెలియాలి. తెలియలేదంటే కాలు తోయట్లేదు. ఆ పది అయిన వెంటనే బ్యాటు చేతికిచ్చి అయిదు స్ట్రోకులు సగం వేగంతో. మళ్లీ నడుం పది. ఒక వారం ఈ వరసే, వేరే ఏమీ వద్దు. చెవి దగ్గర బ్యాటు ఆగిపోవడానికి మెట్రోనోమ్ 40లో ఉంచి, టిక్కుల మధ్యలో బ్యాటు పొట్ట ముందుకి వచ్చిందా లేదా అన్నదొక్కటే మీరు చూడండి.

నీళ్ల సీసా వద్దే వద్దు. అర లీటరు సీసా నిండితే అర కిలో దాటుతుంది, బ్యాటేమో రబ్బర్లతో కలిపి 170, 190 గ్రాముల మధ్య ఉంటుంది. మూడింతల బరువుతో ఊపితే స్ట్రోకు ఆకారమే వేరు, ఆగడానికి భుజం ముందు భాగం మీద పడే లాగుడు కూడా ఎక్కువ. పెద్దవాళ్లలో కొందరు ఇనప బ్యాట్లతో చేస్తారు, అది ఎదిగిన కండకి, పక్కన చూసేవాళ్లుంటే. పిల్లకి తన బ్యాటే ఇవ్వండి, రబ్బరు మీద ప్లాస్టిక్ పొర అలాగే ఉంచి. మన తేమ గాలికి రబ్బరు పాడవకుండా అదొక లాభం. చేసేటప్పుడు భుజంలో గానీ మోచేతి లోపలి వైపు గానీ నొప్పి అంటే ఆ రోజుకి కాళ్ల పని మాత్రమే చేయించండి. రెండు మూడు రోజులకీ తగ్గకపోతే డాక్టరుకి చూపించండి.

తణుకు_పెన్‌హోల్డ్:

ధబ్ ధబ్ గురించి నేను చెబుతాను. మీ అమ్మగారి చెవులు బాగున్నాయి, ఆవిణ్ణే కోచ్‌గా పెట్టుకోండి. మడమ నేలకి కొడితే ధబ్, ముని పాదం తగిలితే టప్. వంట గదిలో కూర్చున్నా వినబడే తేడా ఇది. మడమ మీద దిగినవాళ్లు మళ్లీ కదలాలంటే ముందు బరువు ముందుకి తెచ్చుకోవాలి, అక్కడే రెండో బంతి పోతుంది.

కుడికి జరిగేటప్పుడు ఎడమకాలితో నేలని తోసి, రెండు కాళ్లూ దాదాపు ఒకేసారి జరగాలి. ఎడమకి జరిగితే కుడికాలితో తోపు. జరిగాక కాళ్ల మధ్య ఎడం మొదటున్నంతే ఉండాలి. దగ్గరకొచ్చేశాయంటే తర్వాత కొట్టే స్ట్రోకుకి నడుం తిరగదు. ఇది చూడ్డానికి గచ్చు మీద పాదాల చోట సుద్దతో గీసుకుని, జరిగాక మళ్లీ గీసి బెత్తతో కొలుచుకోండి.

పైకి గెంతడం ఇంకో తప్పు. పాప వెనక కిటికీ ఉంటే వీడియోలో తల ఏ అడ్డ ఊచకి సమానంగా ఉందో చూడండి. జరిగినంతసేపూ అదే ఊచ దగ్గరుండాలి. ఊచ దాటి లేస్తోందంటే మోకాళ్లు నిటారవుతున్నాయి. పదిలో ఎనిమిది మందికి కొట్టిన మరుక్షణమే లేస్తుంది తల, పని అయిపోయినట్టు.

ఒంటికి అలవాటయ్యాక ఫాల్కెన్‌బర్గ్ డ్రిల్లు పెట్టుకోండి. స్వీడన్‌లోని క్లబ్బు పేరు మీద వచ్చింది. ఎడమ పీలిక దగ్గర బ్యాక్‌హ్యాండ్ ఒకటి, అక్కడే ఇంకా ఎడమకి జరిగి, ఒళ్లు తిప్పి ఫోర్‌హ్యాండ్ ఒకటి, అక్కణ్ణుంచి కుడి పీలిక దాకా వెళ్లి ఫోర్‌హ్యాండ్ ఒకటి, మళ్లీ మొదటికి. 20 సెకన్లు చేసి 40 సెకన్లు ఆగాలి, ఆరుసార్లు. అంతకంటే పొడిగించకండి, మ్యాచ్‌లో చాలా ర్యాలీలు కొన్ని సెకన్లలోనే తేలిపోతాయి. తప్పు జరిగేది రెండో దానికీ మూడో దానికీ మధ్య. ఒళ్లు తిప్పి ఫోర్‌హ్యాండ్ కొట్టాక కుడికాలు వెనక ఉండిపోతుంది, దాంతో కుడికి పరిగెత్తడానికి ముందు అదొక అడుగు దండగ. కొట్టిన ఊపుతోనే బరువు ఎడమకాలి మీదకొచ్చేస్తే ఆ కాలే కుడికి తోస్తుంది.

గచ్చు విషయం: ఉత్తకాళ్లు వద్దు, తడి నాపరాయి మీద మరీ వద్దు. మేజోళ్లతో అసలే వద్దు. అడుగు పల్చగా, చదునుగా ఉండే గమ్ సోల్ (రబ్బరు అడుగు) బూట్లు వేయించండి. పరుగు బూట్లు మడమ ఎత్తుగా ఉంటాయి, పక్కకి తోసేటప్పుడు చీలమండ మడత పడుతుంది. చేసే ముందు పొడిగుడ్డతో గచ్చు తుడిచి, తడిగుడ్డ మీద బూటు అడుగు ఒకసారి రుద్ది పొడిగా తుడవండి. దుమ్ము పోతే పట్టొస్తుంది. కొబ్బరిపీచు పట్టా పరిచి చేయించే ఆలోచన ఉంటే మానుకోండి. అదే జారుతుంది, లేదా బూటు అంచు దానికి తగులుకుంటుంది. గచ్చు మరీ చెమర్చిన రోజు కాళ్ల పని మానేసి నిలబడి చేసే స్ట్రోకులు మాత్రం చేయించండి.

పాపకి చూపించడానికి ఆకుల శ్రీజ మ్యాచ్‌లు పెట్టండి, మన తెలుగమ్మాయే, 2022 కామన్‌వెల్త్ క్రీడల్లో శరత్ కమల్‌తో మిక్స్‌డ్ డబుల్స్ బంగారు పతకం, 2024 పారిస్ ఒలింపిక్స్‌లో సింగిల్స్ ప్రీక్వార్టర్స్. ఒక గేమంతా బంతి చూడకుండా ఆవిడ కాళ్లు మాత్రమే చూడమనండి. బ్యాక్‌హ్యాండ్ మాత్రం చూసి దిద్దుకోవద్దు, ఆవిడ అటు పక్క వాడేది పింపుల్స్ (బొడిపెలు పైకుండే) రబ్బరు. నున్నటి రబ్బరుకి ఆ కొట్టుడు సరిపోదు.

సఖినేటిపల్లి_నాన్న:

చాలా సంగతులు తెలిశాయండి. ఆఖరుగా ఒకటి. పాప టాప్‌స్పిన్ (బంతి ముందుకి గిర్రున తిరుగుతూ పోయేలా కొట్టడం) నేర్చుకుంటానని గొడవ చేస్తోంది. అది కూడా షాడోలో చేయించొచ్చా, లేక బల్ల దగ్గరే నేర్పాలా?

కాకినాడ_మల్టీబాల్:

డ్రైవ్‌లో మూడో అంకె తప్పకుండా వస్తుంటే మొదలుపెట్టొచ్చు. అయితే టాప్‌స్పిన్ అని ఒకే స్ట్రోకు లేదు. వచ్చే బంతిని బట్టి రెండు, షాడోలో కూడా వాటిని విడిగానే చెయ్యాలి.

కట్ చేసిన బంతి మీద, అంటే అవతలివాళ్లు పుష్ చేసి (బంతి అడుగుని కోసి వెనక్కి తిరిగేలా) పంపినప్పుడు: మోకాళ్లు ఇంకా వంచి, బ్యాటు కుడి మోకాలికి కొంచెం పై దాకా దించి, పైకే ఎక్కువ, ముందుకి తక్కువగా లాగాలి. బ్యాటు ముఖం దాదాపు నిలువుగా ఉంటుంది. ఆగేది నుదుటి ముందే. బ్యాటు పురికొస కిందకి దిగుతుంది కాబట్టి అర అడుగు వెనక్కి నిలబెట్టండి, అసలు బల్లయితే వేళ్లు అంచుకి కొట్టుకుంటాయి. ఇక్కడ తప్పు, మోకాళ్లు వంచకుండా బ్యాటు ఒక్కటే దించడం. అలా చేస్తే కుడి భుజం ఎడమదానికంటే చాలా కిందికి పోయి ఒళ్లు ఒక పక్కకి ఒరిగిపోతుంది, బంతి నెట్‌లోకి పోతుంది.

బ్లాక్ చేసిన బంతి మీద, అంటే వేగంగా తిరిగొచ్చేదాని మీద: బ్యాటు తుంటి ఎత్తు నుంచి, ముఖం ముందుకి వాల్చి, పైకి తక్కువ, ముందుకి ఎక్కువ. దీనికి కూడా బ్యాటు కిందికి దించి పైకి లాగితే బంతి బల్ల దాటిపోతుంది.

మీరు "కట్" అనో "బ్లాక్" అనో అరవండి, పాప దానికి తగ్గది కొట్టాలి. పది దాటించొద్దు, ఇది డ్రైవ్ కంటే భుజానికి బరువు.

షాడో ఇవ్వలేనిది బంతిని రాసే స్పర్శ. దానికి బల్లే అక్కర్లేదు, సైకిలుంటే తిరగేసి నిలబెట్టండి. పనికిరాని పాత బ్యాటు తీసుకుని ముందు చక్రం టైరుని పాప వైపు నుంచి పైకి రాస్తూ కొట్టమనండి. రాసిందంటే చక్రం గిర్రున తిరుగుతుంది. నేరుగా గుద్దిందంటే చక్రం తిరగదు, సైకిల్ ఊగుతుంది. మీరు పట్టుకుని కూర్చుంటే ఏది జరిగిందో మీ చేతికే తెలిసిపోతుంది. కొత్త బ్యాటుతో చేయించకండి, రబ్బరు ఒక్క పూటలో పోతుంది.

పంటు తిరగడం మొదలయ్యాక ఆదివారం వెళ్లినప్పుడు అక్కడి మాస్టారిని ఒక పది నిమిషాలు పుష్ బంతులే వెయ్యమనండి, పాప దాని మీద టాప్‌స్పిన్ మాత్రమే లాగాలి. ఆ పది నిమిషాల వీడియో ఇక్కడ పెడితే చూసి చెబుతాం. పక్క నుంచి తియ్యండి, పాదాలు ఫ్రేములో ఉండాలి. స్లో మోషన్ చేసి పెట్టకండి, అసలు వేగం చూడాలి.